ఊరందరికీ చెప్పక్కర్లేదు, ముందు ఒక్క మనిషిని ఎంచుకోండి

గర్భిణులకు చేసే పరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తేలింది, భర్తకూ అత్తింటివాళ్లకూ ఎలా చెప్పాలి, నలుగురిలో ఎలా తలెత్తుకోవాలి అని అడిగారు. నాకూ ఇలాగే తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

ఊరందరికీ చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. షుగరు ఉన్నవాళ్లు ఆ సంగతి రాసి గుమ్మానికి అంటించుకుంటున్నారా? 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, కోర్టు ఆదేశిస్తే తప్ప, ఈ విషయం బయటపెట్టమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయకూడదు. భర్త సంగతి వేరు, ఆయనకూ పరీక్షా మందులూ అవసరం. అయితే చెబితే కొడతారనో, ఇంట్లోంచి గెంటేస్తారనో భయపడటానికి కారణాలుంటే చెప్పకుండా ఉండటానికి ఆడవాళ్లకు అదే చట్టం మినహాయింపు ఇచ్చింది.

నేను మొదట చెప్పింది మా ఆయన అక్కకు. మా అమ్మకు చెబితే ఏడుస్తుంది, ఆ ఏడుపు పక్కింటి దాకా వినిపిస్తుంది. వదిన అలాంటి మనిషి కాదు. మాది ప్రకాశం జిల్లా. డాబా మీద ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ, "వదినా, రక్తపరీక్షలో హెచ్‌ఐవీ ఉందన్నారు" అన్నాను. ఆమె చేతులు ఆగలేదు. కాసేపటికి "మందులకు నెలకు ఎంతవుతుంది?" అని అడిగింది. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం అన్నాను. "మరి బిడ్డకు?" అంది. సరిగ్గా మందులు వాడితే బిడ్డకు సోకే అవకాశం 5 శాతం లోపుకు తగ్గుతుందని కౌన్సెలర్ చెప్పిన మాట చెప్పాను. "అయితే తమ్ముణ్ణి నేను తీసుకొస్తాను, నువ్వేమీ మాట్లాడకు" అంది. ఎవరివల్ల వచ్చిందన్న ప్రశ్న ఆమె నోటి నుంచి రానే లేదు.

అత్తయ్యకు మాత్రం ల్యాబులో పనిచేసే దూరపు బంధువు చేరవేశాడు. "ముందు బయటపడింది కోడలికే, కాబట్టి తెచ్చింది కోడలే" అని ఆమె వాకిట్లో నిలబడి అరిచారు. వదిన బయటికి వచ్చి, "కడుపుతో ఉన్నవాళ్లందరికీ పరీక్ష చేస్తారమ్మా, మగవాళ్లకు ఎవరు చేస్తున్నారు? అందుకే ముందు దీనికి బయటపడింది. లోపలికి రా" అంది. ఇన్నేళ్లలో ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. మన దగ్గర ఎందరో ఆడవాళ్ల మీద పడిన నింద పరీక్షల వరుస వల్ల వచ్చిందే. మా ఆయన బోరు బండి మీద నెలల తరబడి ఊళ్లు తిరిగేవారు, ఆయనకూ పాజిటివ్ వచ్చింది. ఎవరిది ముందు అని నేను అడగలేదు. అడిగితే నా మందుల మోతాదేమైనా మారుతుందా?

ఇంటివాళ్లకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆసుపత్రి. ఫలానా ఆసుపత్రి అని చెప్పను. కాన్పు గది బయట, మా చుట్టాలందరూ కూర్చున్న వరండాలో, "ఆ పాజిటివ్ కేసు ఎక్కడ?" అని కేకేశారు. కేస్ షీటు మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు. ప్రతి రోగి రక్తం విషయంలోనూ ఒకే జాగ్రత్త తీసుకోవాలన్నది వైద్యం చదివినవాళ్లకు తెలిసిన నియమమే, అలాంటప్పుడు ఆ ఎర్ర సిరా ఎవరి కోసం? 20 మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే ఆసుపత్రిలో ఇలాంటి ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక అధికారి ఉండాలని చట్టం చెబుతోంది. ఆ అధికారి ఎవరని అడగండి. అడిగేవాళ్లు లేకే ఈ అలుసు.

మందుల డబ్బా మీది కాగితం గీకేసి విటమిన్ డబ్బాలో పోసుకునేవాళ్లు, తెలిసినవాళ్లు కనపడతారని ఒంగోలు వదిలి గుంటూరులో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లేవాళ్లు నాకు తెలుసు. వాళ్లను పిరికివాళ్లని తిట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ పూటా మాత్ర మానకుండా ఉండటానికి ఎవరి ఉపాయం వాళ్లది. నాకు మొదట్లో ఇచ్చిన రాత్రి మాత్రకు తల తిరిగేది, పీడకలలు వచ్చేవి. ఇప్పుడిస్తున్న డోలుటెగ్రావిర్ మాత్రతో నాకు ఆ బాధ లేదు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో అది కనిపించని స్థాయికి తగ్గి అలాగే నిలబడితే, కలయిక వల్ల భాగస్వామికి సోకదు. ఈ ఒక్క విషయం మీ ఆయనకు డాక్టరు నోటనే వినిపించండి.

మా పాపకు పద్దెనిమిది నెలలప్పుడు చేసిన ఆఖరి పరీక్షలో లేదని తేలింది. మీ బిడ్డకు ఆరు వారాలప్పుడే మొదటి పరీక్ష ఉంటుంది, అది తప్పించకండి.

ఇక మీ ప్రశ్నకు వస్తే, రిపోర్టు చేత్తో పట్టుకుని ఒంటరిగా ఇంటికి వెళ్లి చెప్పకండి. ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాకపోతే, గర్భిణి భర్తకూ రక్తపరీక్ష చేయాలన్నారని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇద్దరినీ కూర్చోబెట్టి కౌన్సెలర్‌నే చెప్పమనండి. ఆ భయం ఉంటే మాత్రం ఆయనకన్నా ముందు కౌన్సెలర్‌కు ఆ మాట చెప్పండి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేసినా మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.