అమ్మ పింఛను ఉన్నంతకాలం

ప్రశ్న: నా వయసు 56. 1996 నుంచి ఒకే ప్రైవేటు కంపెనీలో చేస్తున్నాను. 58కి రిటైరవుతాను. నాన్నగారు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగిగా రిటైరయ్యారు. ఆయన పోయాక అమ్మకు (79) ఫ్యామిలీ పింఛను నెలకు 22 వేలు వస్తోంది. అమ్మ మా దగ్గరే ఉంటుంది. నాకు ఒక అన్నయ్య, ఒక చెల్లెలు. నా భార్య గృహిణి, ఆమెకు షుగర్ ఉంది. అమ్మాయికి పెళ్లయింది, తనూ అల్లుడూ ఉద్యోగస్తులే. అబ్బాయికి 25, ఇప్పట్లో పెళ్లి మాట ఎత్తొద్దంటున్నాడు. ఇంటి ఖర్చు 55 వేలు. రిటైరయ్యేనాటికి పీఎఫ్, గ్రాట్యుటీ, ఫిక్స్‌డ్ డిపాజిట్లు కలిపి 72 లక్షలు ఉంటాయి. సొంత ఇల్లు ఉంది, లోన్ తీరిపోయింది. నాన్న రిటైరయ్యాక డబ్బు గురించి కూర్చుని లెక్కలేయడం నేనెప్పుడూ చూడలేదు. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పైగా అమ్మాయికి పెళ్లిలో ఇచ్చేశాం కాబట్టి ఇల్లు ఇప్పుడే అబ్బాయి పేర రాసేయమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: నాన్నగారు లెక్కలేయలేదంటే ఆ లెక్క ఆయన తరఫున ప్రభుత్వం వేసింది కాబట్టి. ఆఖరి జీతంలో దాదాపు సగం పింఛను, ధరలు పెరిగితే డీఏ, ఆయన తర్వాత అమ్మకు ఫ్యామిలీ పింఛను. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులకే అది లేకుండా పోయింది, ఇక ప్రైవేటు ఉద్యోగి సంగతి చెప్పేదేముంది? మీరు మీ నాన్నగారి ఇంట్లో పెరిగారు గానీ ఆయన నిబంధనల కింద రిటైరవడం లేదు.

మీకొచ్చే ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను చూద్దాం. కంపెనీ చట్టపరమైన జీత పరిమితి మీదే కట్టి ఉంటే, ఆ పరిమితి 2014 ఆగస్టు దాకా చేసిన సర్వీసుకు 6,500, ఆ తర్వాతి సర్వీసుకు 15,000. దాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసుకు రెండేళ్లు కలుపుతారు. ఇంత చేసినా మీకు తేలేది నెలకు దాదాపు ఐదు వేలు. డీఏ లేదు. మీ తర్వాత మీ భార్యకు అందులో సగం.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరే గమనించని విషయం. మీ 55 వేల ఖర్చులో 22 వేలు అమ్మ పింఛను మోస్తోంది. చాలా ఇళ్లలో ఇదే వరస: పాలవాడికీ, కరెంటు బిల్లుకూ, మందులషాపుకీ అమ్మ ఖాతా నుంచే వెళ్తుంటుంది, ఏటీఎం కార్డు కొడుకు జేబులో ఉంటుంది. ఆమె పోయిన నెల నుంచి ఆ డబ్బు ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఏ పది వేలో తగ్గుతుంది. చెప్పడానికి కష్టంగా ఉన్నా మీ రిటైర్మెంట్ ప్లాన్ మొత్తం ఈ ఒక్క లెక్క చుట్టూ తిరగాలి. (అమ్మ తర్వాత ఆ ఖాతాలో పొరపాటున పింఛను జమైతే తీయకండి. వెంటనే బ్యాంకుకు చెప్పండి, లేదంటే రికవరీ వస్తుంది.)

72 లక్షలను నేనైతే ఇలా సర్దుతాను. 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో. 60 నిండకపోయినా, 55 దాటి రిటైరైనవాళ్లు రిటైర్మెంట్ డబ్బు అందిన మూడు నెలల్లోపు అయితే చేరొచ్చు. ఆ గడువు దాటితే 60 దాకా ఆగాల్సిందే, కాబట్టి తారీఖు రాసిపెట్టుకోండి. 8.2 శాతం వడ్డీ అనుకుంటే మూడు నెలలకోసారి 61,500, అంటే నెలకు 20,500. మీ ఇద్దరి పేర పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో 15 లక్షలు వేస్తే, 7.4 శాతం మీద నెలకు 9,250. ఈపీఎస్ ఐదు వేలు కలిపితే 34,750. అమ్మ పింఛనుతో 56,750. ఇవాళ్టి ఖర్చుకు సరిపోయింది.

ఇంకా 27 లక్షలు ఉన్నాయి. ఆరు లక్షలు అత్యవసరానికి బ్యాంకులో. మిగిలిన 21 లక్షలు ఏడెనిమిదేళ్లు ముట్టుకోని డబ్బుగా, కొంత ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్), కొంత హైబ్రిడ్ ఫండ్‌లో (షేర్లూ బాండ్లూ కలిసిన ఫండ్) పెట్టండి. అమ్మ పింఛను ఆగాక వచ్చే పది వేల లోటునూ, ధరల పెరుగుదలనూ మోయాల్సింది ఇదే. ధరలు ఏడాదికి ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లకు ఖర్చు రెట్టింపవుతుంది. పోస్టాఫీసు వడ్డీ మాత్రం పెరగదు. అబ్బాయి పెళ్లికని ఈ 21 లక్షల్లో చెయ్యి పెట్టకండి. అతనికి జీతం ఉంది, పైగా తొందర లేదని తనే అంటున్నాడుగా.

ఇక ఇల్లు. గిఫ్ట్ డీడ్ (ఇప్పుడే దానంగా రాసిచ్చే పత్రం) వద్దు. ఒకసారి రిజిస్టరయ్యాక ఇల్లు మీది కాదు. తల్లిదండ్రుల పోషణ చట్టం (2007) సెక్షన్ 23 కింద రద్దు చేయించుకోవచ్చని ఎవరైనా ధైర్యం చెబుతారు. నిజమే, గానీ ‘నన్ను చూసుకోవాలి’ అన్న షరతు మీదే ఇచ్చినట్టు చూపించాలి, ట్రిబ్యునల్ చుట్టూ తిరగాలి. కన్న కొడుకు మీద కేసు వేసే ఓపిక అరవై దాటాక ఎందరికి ఉంటుంది? మీ అబ్బాయిని అనుమానించమనడం లేదు. అతనికి రేపు పెళ్లి కావచ్చు, ఉద్యోగం పోవచ్చు, ఆ ఇంటి మీద అప్పు తేవచ్చు. ఇవేవీ మీ చేతిలో ఉండవు.

వీలునామా రాయండి. ఇది మీకే మరీ ఎందుకు అవసరమో వినండి. మీరు వీలునామా లేకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇల్లు నాలుగు వాటాలవుతుంది: భార్య, కొడుకు, కూతురు, అమ్మ. అవును, అమ్మ కూడా మొదటి తరగతి వారసురాలే. ఆ తర్వాత ఆమె కూడా వీలునామా లేకుండా పోతే, ఆ నాలుగో వాటా మూడు ముక్కలై అన్నయ్యకొకటి, చెల్లెలికొకటి, మీ పిల్లలిద్దరికీ కలిపి ఒకటి వెళ్తుంది. అంటే మీరు ఈఎంఐలు కట్టిన ఇంట్లో ఆరో వంతు మీ తోబుట్టువుల చేతికి పోతుంది. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ ఇల్లు అమ్మాలంటే వాళ్ల సంతకాలూ కావాలి.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అందులో మొదటి వాక్యం మీ భార్య గురించి ఉండాలి: బతికున్నంతకాలం ఇల్లు ఆమెదే అని. ఆ తర్వాత పిల్లలకు ఎలా పంచుతారన్నది మీ ఇష్టం, మీ సొంత సంపాదన కాబట్టి. కానీ ‘పెళ్లిలో ఇచ్చేశాం’ అన్నది చట్టానికి తెలియని లెక్క. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా అన్నది ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉంది, అప్పటికి పెళ్లికానివారికి మాత్రమే. దేశమంతటా 2005లో వచ్చింది, పెళ్లితో సంబంధం లేకుండా. నాన్నగారి పొలం ఏదైనా మిగిలి ఉంటే అందులో మీ చెల్లెలి సంగతి కూడా గుర్తుంచుకోండి. తల్లిదండ్రులను పోషించే బాధ్యత దగ్గరా 2007 చట్టం కొడుకునీ కూతురినీ వేరుచేయదు. ‘చిన్న కుటుంబం చింతలేని కుటుంబం’ అని గోడల మీద చదువుతూ పెరిగిన తరం మనది, ఇద్దరితో ఆపేశాం. ఇద్దరు దాటితే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హత అన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ప్రభుత్వం మనసు మార్చుకుంది, మన ఇంట్లో సంఖ్య మారదుగా! ఉన్న ఇద్దరిలో ఒకరిని లెక్కలోంచి తీసేయకండి.

నామినేషన్లు ఈ వారమే చూడండి. మీరు 1996లో ఉద్యోగంలో చేరారంటే పెళ్లికి ముందే పీఎఫ్ ఫారం నింపి ఉంటారు. పెళ్లయ్యాక అది మళ్లీ ఇవ్వాల్సిందే. పీఎఫ్ దృష్టిలో అన్నదమ్ములు కుటుంబం కాదు. బ్యాంకు దృష్టిలో మాత్రం ఎవరైనా నామినీ కావచ్చు, 2025 నవంబర్ నుంచి నలుగురి దాకా పెట్టుకోవచ్చు. అయితే నామినీ డబ్బు అందుకునే మనిషే గానీ యజమాని కాదు. వారసులెవరో వీలునామానో చట్టమో తేలుస్తుంది. మా ఆఫీసుకు వచ్చిన ఒకాయన ఎఫ్‌డీల్లో నామినీగా ఇరవై ఏళ్ల కిందట చనిపోయిన తండ్రి పేరే కనిపించింది. ఆయన స్వయంగా అకౌంట్స్‌లో పనిచేసిన మనిషి.

హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోవడాన్ని రిటైరయ్యేదాకా వాయిదా వేయకండి. కంపెనీ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. అమ్మకు పింఛనుదారుగా హెల్త్ కార్డు ఉండి ఉంటుంది, కానీ ఆ కార్డు కోడలిని కుటుంబంగా లెక్కపెట్టదు. మీ భార్యకున్న షుగర్‌కు పాత జబ్బు కింద మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. ఇవాళ పాలసీ తీసుకుంటే అందులో రెండేళ్లు మీ ఉద్యోగంలోనే గడిచిపోతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ప్రపోజల్ ఫారంలో షుగర్ సంగతి దాచకండి. ఏజెంటు ‘అది రాయక్కర్లేదు సార్’ అంటే ఏజెంటును మార్చండి.