ఆ సినిమాలు ఎవరి కోసం తీశారు?

ప్రశ్న: సెలవులకు ఇంటికి వచ్చిన మా అబ్బాయితో కలిసి ఈ మధ్య ‘ఫిలడెల్ఫియా’ అనే ఇంగ్లీషు సినిమా చూశాను. ఎయిడ్స్ సోకిన ఒక గే న్యాయవాదిని ఉద్యోగంలోంచి తీసేస్తే అతను కోర్టుకెక్కే కథ అది. చివర్లో ఏడుపు ఆపుకోలేకపోయాను. మా వాడు మాత్రం, ‘‘మంచి సినిమానే అమ్మా, కానీ అది మీలాంటి వాళ్ల కోసం తీసింది, అతనిలాంటి వాళ్ల కోసం కాదు’’ అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అడగడానికి నాకు నోరు రాలేదు. సినిమా సంగతి వరకైనా మీరు వివరించగలరా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అబ్బాయి అన్న మాట నిజమేనమ్మా. అంతమాత్రాన మీరు పెట్టుకున్న కన్నీళ్లకు విలువ తగ్గదు.

1993లో జొనాథన్ డెమీ తీసిన ఆ సినిమాలో, టామ్ హ్యాంక్స్ పోషించిన ఆండ్రూ బెకెట్ తన కేసు పట్టుకుని డెంజెల్ వాషింగ్టన్ పోషించిన జో మిల్లర్ ఆఫీసుకు వెళ్లే ఘట్టాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మిల్లర్ చెయ్యి కలుపుతాడు. తనకు ఎయిడ్స్ అని బెకెట్ చెప్పగానే చెయ్యి వెనక్కు తీసుకుని దూరంగా జరుగుతాడు. ఆ తర్వాత బెకెట్ టేబుల్ మీద పెట్టిన టోపీని, అతని చెయ్యి తగిలిన చుట్టలను, మిల్లర్ పసిబిడ్డ ఫొటోను కెమెరా దగ్గరగా చూపిస్తుంది. ఆ వస్తువులను మనం ఎవరి కళ్లతో చూస్తున్నాం? జబ్బుతో ఉన్నవాడి కళ్లతో కాదు, జబ్బును చూసి భయపడుతున్నవాడి కళ్లతో. భయపడే ప్రేక్షకుణ్ణి చెయ్యి పట్టుకుని, మిల్లర్ వెంటే నడిపించి, రెండు గంటల తర్వాత బెకెట్ మంచం పక్కకు చేర్చడమే ఆ సినిమా పెట్టుకున్న పని. ఆ పని అది చాలా బాగా చేసింది. అయితే దానికి మూల్యం బెకెట్ చెల్లించాడు. అతను మచ్చలేనివాడు, ఓర్పు గలవాడు, కుటుంబమంతా వెన్నంటి నిలిచిన అదృష్టవంతుడు. ఏళ్ల తరబడి అతనితో కలిసి బతికిన మిగెల్‌కు ఒక పార్టీలో అతనితో కలిసి చేసిన డాన్సును మించి తెర మీద పెద్దగా చోటు దొరకలేదు.

ఈ పద్ధతి ‘ఫిలడెల్ఫియా’తో మొదలైంది కాదు. 1985 నవంబరు 11న ఎన్‌బీసీ టెలివిజన్ ‘యాన్ ఎర్లీ ఫ్రాస్ట్’ ప్రసారం చేసింది. ఎయిడ్స్ గురించి అమెరికాలో పెద్ద టీవీ సంస్థ ఒకటి తీసిన మొదటి కథాచిత్రం ఇదే. అప్పటికి నటుడు రాక్ హడ్సన్ ఎయిడ్స్‌తో చనిపోయి నెల దాటింది, దేశమంతా వణికిపోతోంది. కథానాయకుడు మైకేల్ షికాగోలో న్యాయవాది. తాను గే అన్న సంగతి, తనకు జబ్బు సోకిన సంగతి రెండూ తల్లిదండ్రులకు ఒకేసారి చెప్పుకోవలసి వస్తుంది. తండ్రి మొహం చాటేస్తాడు, కడుపుతో ఉన్న చెల్లెలు దగ్గరకు రానంటుంది, అంబులెన్సు వాళ్లు అతన్ని ఎక్కించుకోవడానికి ఒప్పుకోరు. అతన్ని జంకు లేకుండా దగ్గరకు తీసుకునేది వాళ్ల అమ్మమ్మ. ఆ ఒక్క ఘట్టం కోసమైనా ఆ సినిమా చూడవచ్చు. కానీ అదంతా ఒక కుటుంబం తన కొడుకును అంగీకరించగలదా లేదా అన్న కథ. కొడుకు జీవితం షికాగోలోనే ఉండిపోయింది.

‘అతనిలాంటి వాళ్లు’ తమ కోసం తాము తీసుకున్న సినిమాలు ఆ రోజుల్లోనే ఉన్నాయి, కాకపోతే పెద్ద థియేటర్లకు రాలేదు. ‘యాన్ ఎర్లీ ఫ్రాస్ట్’ కన్నా రెండు నెలల ముందు, 1985 సెప్టెంబరులో ఆర్థర్ బ్రెసాన్ ‘బడ్డీస్’ విడుదల చేశాడు. ఎయిడ్స్ గురించి వచ్చిన మొదటి కథాచిత్రంగా దాన్ని చెబుతారు. తొమ్మిది రోజుల్లో, అతి తక్కువ ఖర్చుతో తీశాడు. ఆసుపత్రి గదిలో రాబర్ట్ అనే రోగి, అతనికి తోడుగా ఉండడానికి స్వచ్ఛందంగా వచ్చిన డేవిడ్ అనే యువకుడు, దాదాపు వీళ్లిద్దరే సినిమా అంతా. మిగిలినవాళ్లు గొంతులుగానో, వెనక నుంచో మాత్రమే తెలుస్తారు. రాబర్ట్ తన పాత ప్రేమలను తలుచుకుంటాడు, కోరికల గురించి మాట్లాడతాడు, ప్రభుత్వం మీద కోపగించుకుంటాడు. అతన్ని చూసి జాలిపడమని సినిమా ఎక్కడా అడగదు. ఆఖర్న డేవిడ్ ఒక్కడే ప్లకార్డు పట్టుకుని వైట్‌హౌస్ ముందు నిలబడతాడు. దర్శకుడు బ్రెసాన్ 1987లో ఎయిడ్స్‌తో కన్నుమూశాడు. రాబర్ట్ పాత్రధారి జెఫ్ ఎడ్‌హోమ్ కూడా ఆ తర్వాత రెండేళ్లకే అదే జబ్బుకు బలయ్యాడు. అది తెలిసి చూస్తుంటే ఆ ఆసుపత్రి గదిని కేవలం సెట్టింగు అనుకోలేం.

‘లాంగ్‌టైమ్ కంపానియన్’ ఒక స్నేహితుల బృందం కథ. ఆ పేరు ఎక్కడిదో తెలిస్తే సగం సినిమా అర్థమవుతుంది. ఎయిడ్స్‌తో చనిపోయిన గే పురుషుడి గురించి న్యూయార్క్ టైమ్స్ మరణవార్త రాసేటప్పుడు, అతనితో కాపురం చేసిన మనిషిని భర్త అనీ ప్రియుడనీ రాయకుండా ‘చిరకాల సహచరుడు’ అనే అర్థమిచ్చే ఆ మాటతో సరిపెట్టేది. సినిమా మధ్యలో డేవిడ్ అనే పాత్ర, స్పృహ తప్పుతూ ఊపిరి కోసం పోరాడుతున్న తన సహచరుడి చెయ్యి పట్టుకుని, ఇక చాలు, వదిలెయ్ అని పదే పదే చెబుతాడు. దీపం కొండెక్కేటప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో ఆ మనిషికి పత్రిక పేరు పెట్టలేకపోయింది, సినిమా పెట్టగలిగింది. దర్శకుడు నార్మన్ రెనే 1996లో ఎయిడ్స్‌తోనే పోయాడు. చూపు మసకబారుతున్న దశలో ఇంగ్లండు దర్శకుడు డెరెక్ జార్మన్ 1993లో ‘బ్లూ’ తీశాడు. గంటా పందొమ్మిది నిమిషాలపాటు తెర మీద నీలిరంగు తప్ప మరేమీ ఉండదు. గొంతులూ సంగీతమూ మాత్రమే వినిపిస్తాయి. శుష్కించిన శరీరాన్ని చూపించి ప్రేక్షకుడి చేత అయ్యో అనిపించుకోవడానికి అతను ఒప్పుకోలేదు. అది అందరూ ఓపిగ్గా చూడగల సినిమా కాదని ఒప్పుకుంటాను, కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ గౌరవం దాని మీదే.

మీ అబ్బాయితో కలిసి చూడదలచుకుంటే రాబిన్ కాంపిల్లో 2017లో తీసిన ఫ్రెంచి సినిమా ‘120 బీట్స్ పర్ మినిట్’ ఎంచుకోండి. కొన్ని సన్నివేశాలు మీకు ఇబ్బంది కలిగించవచ్చు, ముందే చెబుతున్నాను. 1990ల తొలి రోజుల్లో పారిస్‌లో మందుల కంపెనీలనూ ప్రభుత్వాన్నీ నిలదీసిన ‘యాక్ట్ అప్’ ఉద్యమకారుల కథ అది. దర్శకుడు స్వయంగా అందులో పనిచేసినవాడే. వాళ్లు వారం వారం సమావేశమవుతారు, వాదించుకుంటారు, చప్పట్లు కొడితే మాట్లాడేవారి మాట మునిగిపోతుందని వేళ్లతో చిటికెలు వేస్తారు. చివర్లో ఒక యువకుడు ఇంట్లోనే చనిపోతాడు. ఆ రాత్రి స్నేహితులు ఒక్కొక్కరే ఆ చిన్న ఇంట్లోకి వస్తుంటారు. అతని తల్లి అక్కడే ఉంటుంది. కొడుకు ప్రాణం విడిచిన మంచానికి నాలుగడుగుల దూరంలో, కొడుకు స్నేహితులతో కలిసి, అస్థికలను ఏం చేయాలో మాట్లాడుకుంటుంది. ఈ వరుసలో నేను చూసిన తల్లుల్లో, కొడుకు లోకంలోకి తానే నడిచి వచ్చిన తల్లి ఆమె.

ప్రశ్న: అమెరికాకు ఎయిడ్స్‌ను ఒక గే విమాన ఉద్యోగి మోసుకొచ్చాడని ఓ పాత సినిమా చూసినవారు చెప్పారు. నిజమేనా?
— ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: నిజం కాదు. ర్యాండీ షిల్ట్స్ 1987లో రాసిన ‘అండ్ ద బ్యాండ్ ప్లేడ్ ఆన్’ పుస్తకం, దాని ఆధారంగా 1993లో వచ్చిన టీవీ చిత్రం ఈ అపవాదును జనంలోకి తీసుకెళ్లాయి. కెనడాకు చెందిన గేటన్ డుగా అనే విమాన ఉద్యోగిని ‘పేషెంట్ జీరో’ అన్నారు. అసలు జరిగింది ఇది: కాలిఫోర్నియా రోగుల మీద చేసిన ఒక అధ్యయనంలో, ఆ రాష్ట్రానికి బయటివాడని సూచించడానికి అతనికి ‘ఓ’ అనే ఇంగ్లీషు అక్షరం గుర్తుగా పెట్టారు. చదివినవాళ్లు దాన్ని సున్నా అనుకున్నారు. పాత రక్త నమూనాలను పరీక్షించి 2016లో ‘నేచర్’లో ప్రచురించిన పరిశోధన, 1970 ప్రాంతానికే వైరస్ న్యూయార్క్ చేరిందనీ, అతను దానికి మూలం కాదనీ తేల్చింది. తన పరిచయస్థుల పేర్లు చెప్పి పరిశోధకులకు సాయపడిన మనిషి అతను. 1984లోనే చనిపోయాడు కనుక తన మీద పడిన నిందకు జవాబు చెప్పుకునే అవకాశం కూడా లేకపోయింది.

ప్రశ్న: మన దేశంలో ఇటువంటి సినిమాలు రాలేదా? తెలుగులో ఎందుకు లేవు?
— విశ్రాంత అధ్యాపకుడు, విశాఖపట్నం

జవాబు: హిందీలో ఓనిర్ 2005లో ‘మై బ్రదర్... నిఖిల్’ తీశాడు. దానికి ప్రేరణ గోవాకు చెందిన డొమినిక్ డిసౌజా జీవితం. రక్తదానం చేసినప్పుడు హెచ్‌ఐవి ఉన్నట్టు తేలడంతో 1989లో పోలీసులు అతన్ని పట్టుకెళ్లారు. అప్పటి గోవా చట్టం ప్రకారం ఒక పాత క్షయ శానిటోరియంలో 64 రోజులు ఒంటరిగా నిర్బంధించారు. అతని తల్లి లూసీ హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆ చట్టాన్నే సమర్థించింది. డొమినిక్ 1992లో మరణించాడు. సినిమాలో అతను ఈత ఛాంపియన్ అయ్యాడు, పోరాటం చేసేది అక్క, ప్రియుడు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 అమల్లో ఉన్న కాలంలో, అక్క నోటా తల్లిదండ్రుల నోటా కథ చెప్పిస్తూ, ఇద్దరు పురుషుల ప్రేమను వెకిలితనం లేకుండా చూపించడం చిన్న విషయం కాదు.

తెలుగు తెర మీద మాత్రం గే పురుషుడు చాలాకాలం చేతులు తిప్పుతూ నడిచే హాస్యపాత్రగానే మిగిలాడు. నవ్వించడానికి పెట్టిన పాత్రకు జబ్బు రాదు, ప్రేమా ఉండదు. ఎయిడ్స్ తీవ్రత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి కాబట్టి, 2000ల తొలి ఏళ్లలో గోడల మీదా హోర్డింగుల మీదా ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని ప్రభుత్వం ఊరూరా అడిగింది. మన దగ్గర వ్యాధి ప్రధానంగా స్త్రీపురుష సంబంధాల ద్వారా వ్యాపించింది కనుక ఆ ప్రచారం ఎంచుకున్న దారి సరైనదే. కానీ అదే రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఆ ప్రశ్న చదివిన గే కుర్రవాడికి, పులిరాజా ఆడవాళ్ల దగ్గరకు వెళ్లే మగవాడు కనుక, ఈ జబ్బు తన దాకా రాదులే అనిపించి ఉంటుంది.