లాయర్ డిగ్రీ లేకుండా ఇమిగ్రేషన్ కేసులు చేపట్టవచ్చా?

ప్రశ్న: నేను గుంటూరులో బీకాం చదివి, పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చాను. నిరుడు గ్రీన్‌కార్డు చేతికొచ్చింది. మా గుడికి వచ్చే పెద్దవాళ్లకు సిటిజన్‌షిప్ దరఖాస్తులు నింపడంలో కొంతకాలంగా సాయం చేస్తున్నాను. లాయరు కాకపోయినా ప్రభుత్వ అనుమతితో ఇమిగ్రేషన్ కేసులు చూసే ప్రతినిధులు ఉంటారని ఈమధ్యే తెలిసింది. ఇప్పుడు లా స్కూలుకు వెళ్లే ఓపిక గానీ, అంత డబ్బు గానీ నాకు లేవు. ఏ కోర్సు చేస్తే ఈ లైసెన్సు వస్తుంది? ఇంట్లోనే చిన్న ఆఫీసు పెట్టుకుని, తక్కువ ఫీజుతో మనవాళ్లకు ఉపయోగపడాలని ఉంది.
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: మీరు విన్నది నిజమే. అమెరికాలో లాయరు కానివారు కూడా ఇమిగ్రేషన్ వ్యవహారాల్లో మరొకరి తరఫున చట్టబద్ధంగా నిలబడవచ్చు. వారిని అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్‌లు అంటారు. అయితే మీ ప్రశ్నలో రెండు విషయాలను ముందే సరిదిద్దుకోవాలి. ఏ కోర్సు పూర్తిచేసినా దానంతట అది ఈ అనుమతి రాదు. వచ్చిన అనుమతితో ఇంట్లో సొంత ఆఫీసు పెట్టుకోవడమూ కుదరదు.

ఈ అనుమతి ఇచ్చేది అమెరికా న్యాయ శాఖలో ఇమిగ్రేషన్ కోర్టులను నడిపే విభాగం. దాన్ని పొట్టిగా ఈఓఐఆర్ అంటారు. 2017 జనవరి 18న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, లాభాపేక్ష లేని, పన్ను మినహాయింపు ఉన్న మత, ధార్మిక లేదా సామాజిక సేవా సంస్థ ఒకటి ముందుగా ఆ విభాగం నుంచి గుర్తింపు పొందాలి. ఆ సంస్థ ప్రధానంగా పేదవారికీ, తక్కువ ఆదాయం ఉన్నవారికీ సేవ చేసేదై ఉండాలి. తన దగ్గర ఉద్యోగిగానో వాలంటీరుగానో పనిచేసే వ్యక్తికి అనుమతి ఇవ్వమని దరఖాస్తు పెట్టేది కూడా ఆ సంస్థే. సంస్థ గుర్తింపునకు ఈఓఐఆర్-31, వ్యక్తి అనుమతికి ఈఓఐఆర్-31ఎ అనే ఫారాలు ఉన్నాయి. వీటికి ప్రభుత్వం ఫీజు తీసుకోదు. సంస్థ గుర్తింపు ఆరేళ్లకూ, వ్యక్తి అనుమతి మూడేళ్లకూ ఒకసారి పునరుద్ధరించుకోవాలి. సంస్థను వదిలి బయటికి వస్తే, దాని తరఫున ఇచ్చిన అనుమతి మీతో రాదు. కాబట్టి మీరు మొదట వెతకవలసింది కోర్సు కోసం కాదు, మిమ్మల్ని తీసుకునే సంస్థ కోసం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. సర్టిఫికెట్లు చేతపట్టుకుని, ఆ తరవాత చోటు దొరక్క ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటారు.

అనుమతిలో రెండు అంచెలు ఉన్నాయి. పాక్షిక అనుమతి ఉన్నవారు హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ముందు, అంటే ముఖ్యంగా వలస, పౌరసత్వ దరఖాస్తులు పరిశీలించే యూఎస్‌సీఐఎస్‌లో, క్లయింటుకు ప్రతినిధినని తెలిపే జీ-28 ఫారం మీద సంతకం చేసి క్లయింటు తరఫున దరఖాస్తులు వేయవచ్చు, ఇంటర్వ్యూలో పక్కన కూర్చోవచ్చు. పూర్తి అనుమతి ఉన్నవారు వీటితోపాటు ఇమిగ్రేషన్ కోర్టులోనూ, అప్పీళ్ల బోర్డు ముందూ వాదించవచ్చు. అక్కడ ఎదుటి పక్షాన ప్రభుత్వ లాయరు ఉంటారు. దేశం నుంచి పంపించే కేసుల్లో మనిషికి తన తరఫున ఎవరినైనా పెట్టుకునే హక్కు ఉన్నా, ఆ ఖర్చును ప్రభుత్వం భరించదని చట్టం స్పష్టంగా చెబుతోంది. లాయరుకు ఇచ్చుకోలేని వారికి ఈ ప్రతినిధుల అవసరం ఎంతటిదో దీన్ని బట్టి ఊహించవచ్చు. కొత్తవారు సాధారణంగా పాక్షిక అనుమతితోనే మొదలుపెడతారు. మీకూ అదే తగిన దారి.

అర్హతల విషయానికి వస్తే, డిగ్రీ ఇదే ఉండాలన్న నియమం లేదు, అమెరికా పౌరసత్వమూ అక్కర్లేదు. సత్ప్రవర్తన, ఇమిగ్రేషన్ చట్టం మీద విస్తృతమైన పరిజ్ఞానం, చేసిన పని తాలూకు తగినంత అనుభవం చూపాలి. తీవ్రమైన నేరంలో శిక్ష పడి ఉండకూడదు. చట్టం మౌలికాంశాలపై పద్ధతిగా శిక్షణ పొందినట్టు ఆధారాలు, సిఫారసు లేఖలు జతచేయాలి. శిక్షణకు రెండు చోట్ల పేర్లు చెప్పగలను. మేరీలాండ్‌లో ఉన్న కాథలిక్ లీగల్ ఇమిగ్రేషన్ నెట్‌వర్క్, అందరూ క్లినిక్ అని పిలిచే సంస్థ, 1988 నుంచి పనిచేస్తోంది. ఇమిగ్రేషన్ చట్టం మొత్తాన్ని పరిచయం చేసే ఆన్‌లైన్ కోర్సు అక్కడ ఉంది. పెన్సిల్వేనియాలోని విల్లనోవా విశ్వవిద్యాలయం 2020లో ‘విస్టా’ అనే ఆన్‌లైన్ కార్యక్రమాన్ని సరిగ్గా ఈ పని కోసమే ప్రారంభించింది. అది మూడు భాగాలుగా సాగుతుంది. రెండో భాగం పాక్షిక అనుమతికి, మూడో భాగం పూర్తి అనుమతికి ఉపయోగపడేలా రూపొందించారు. ఏ కోర్సుకైనా ఖర్చు పెట్టే ముందు, మీరు చేరబోయే సంస్థ దాన్ని భరిస్తుందేమో అడగండి. కొన్ని సంస్థలు భరిస్తాయి.

ఇక మీరు గుడిలో చేస్తున్న సాయం గురించి కొంచెం నిక్కచ్చిగా చెప్పాలి. అవతలివారు చెప్పింది చెప్పినట్టు ఫారంలో రాసిపెట్టడం ఒక పని. వారి పరిస్థితి విని, చట్టం చూసి, ఏ ఫారం వేయాలో, ఎప్పుడు వేయాలో, ఏ ప్రశ్నకు ఎలా జవాబివ్వాలో సలహా చెప్పడం పూర్తిగా వేరే పని. నిబంధనల్లో ఈ రెంటికీ మధ్య గీత ఉంది. నామమాత్రపు ప్రతిఫలంతో, చట్టం తెలిసినవాణ్ణని చెప్పుకోకుండా, అచ్చు ఫారంలోని ఖాళీలు నింపిపెట్టడం వరకే అనుమతి లేనివారికి చెల్లుతుంది. ఆ గీత దాటితే అది న్యాయవాద వృత్తి చేయడమే. ఉచితంగా చేశానన్నా, మంచి ఉద్దేశంతో చేశానన్నా అది మారదు.

ఈ గీత ఎందుకు ఉందో మన పెద్దవాళ్ల దరఖాస్తుల్లోనే కనబడుతుంది. కొడుకు స్పాన్సర్ చేస్తే అరవై దాటాక గ్రీన్‌కార్డు వచ్చిన ఒక తల్లిని తీసుకుందాం. ఐదేళ్లు నిండాయి కాబట్టి పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 వేద్దామని ఆమె వస్తుంది. పాస్‌పోర్టులో ముద్రలు వరసపెట్టి చూస్తే, కూతురి పురిటికి ఇండియా వెళ్లి ఎనిమిది నెలలు ఉండిపోయినట్టు తేలుతుంది. ఆరు నెలలు దాటిన ఏ ప్రయాణమైనా నిరంతర నివాసానికి అంతరాయం కలిగించిందనే అధికారులు భావిస్తారు. కలగలేదని రుజువు చేసుకునే భారం ఆమె మీదే పడుతుంది. ఏడాది నిండితే ఆ అవకాశం కూడా ఉండదు. పెద్ద వయసు కాబట్టి ఇంగ్లీషు పరీక్ష ఉండదని ఇంట్లో అందరూ ధైర్యం చెబుతారు. నిజానికి యాభై ఐదేళ్లు దాటి, గ్రీన్‌కార్డు మీద పదిహేనేళ్లు ఉన్నవారికీ, యాభై దాటి ఇరవై ఏళ్లు ఉన్నవారికీ మాత్రమే ఆ మినహాయింపు. వారు పౌరశాస్త్ర ప్రశ్నలకు దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబివ్వవచ్చు. ఐదేళ్ల కిందట వచ్చిన ఈ తల్లికి అది వర్తించదు. డాక్టరు ధ్రువీకరించే ఎన్-648 అనే మార్గం ఉన్నా, దానికి నేర్చుకోవడానికి అడ్డుపడే వైద్యపరమైన లోపం ఉండాలి, వయసు ఒక్కటే చాలదు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ఓటరు నమోదు ప్రశ్న. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో అడిగిన చోటల్లా సంతకం పెట్టి, తెలియకుండానే ఓటరుగా నమోదైన గ్రీన్‌కార్డుదారులు ఉంటారు. పౌరుణ్ణని తప్పుగా ప్రకటించుకోవడం దేశం నుంచి పంపించడానికి కారణం కాగలదు. అలాంటి మనిషి చేత ఎన్-400 వేయించడమంటే, సద్దు చేయకుండా ఉన్నవాణ్ణి తీసుకెళ్లి అధికారి ఎదుట కూర్చోబెట్టడమే. దరఖాస్తు అసలు వేయకపోవడమే మంచిదని చెప్పవలసిన సందర్భాలను గుర్తుపట్టడమే ఈ వృత్తిలో సగం నైపుణ్యం. శిక్షణ ప్రధానంగా దానికే.

మరో భ్రమ కూడా తొలగించుకోవాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసా, కంపెనీ ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుకు తొలిమెట్టైన పెర్మ్, గ్రీన్‌కార్డు వరసలో మన స్థానం చెప్పే ప్రయారిటీ డేట్లు మన ఇళ్లలో రోజూ నలిగే మాటలే కాబట్టి సగం చట్టం తెలుసని అనిపిస్తుంది. ఆ కేసులు కంపెనీల లాయర్లవి. సేవా సంస్థలకు వచ్చేవి పౌరసత్వం, కుటుంబ దరఖాస్తులు, ఆశ్రయం, గృహహింస బాధితుల కేసులు. మన ఆడపిల్లలకు పనికొచ్చే జ్ఞానం ఈ చివరిదానిలోనే ఎక్కువ. భర్త పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే హింసకు గురైన భార్య ఐ-360 ఫారంతో స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్త హెచ్-1బీ మీద ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అయినా భర్త వీసాపై ఆధారపడే హెచ్-4 మీద ఉన్న బాధితురాలు ఐ-765వీ ఫారం ద్వారా పని అనుమతి కోరవచ్చు. నిబంధనల్లో పేర్కొన్న నేరానికి గురై, పోలీసులకు సహకరించినవారికి యూ వీసా ఉంది గాని, ఏటా పదివేలకు మించి ఇవ్వరు కాబట్టి నిరీక్షణ చాలా ఎక్కువ. ఇలాంటి సమయంలో తెలుగులో మాట్లాడి నమ్మకం కలిగించగల మనిషి ఉండటం ఆ సంస్థలకు పెద్ద సాయం. మీ దరఖాస్తులో బీకాం కంటే దీన్నే ముందు రాయండి.

జీతాలు సేవా సంస్థల స్థాయిలోనే ఉంటాయి, లాయర్ల ఆదాయంతో పోల్చుకోకండి. మీ ప్రాంతంలో గుర్తింపు పొందిన సంస్థల జాబితాను న్యాయ శాఖే తన వెబ్‌సైటులో రాష్ట్రాలవారీగా ప్రచురిస్తుంది. అందులో దగ్గరి సంస్థకు వెళ్లి, సిటిజన్‌షిప్ దరఖాస్తుల శిబిరాల్లో వాలంటీరుగా చేరతానని అడగండి. అక్కడ లాయరు పర్యవేక్షణలో చేసిన పని రేపు మీ అనుభవం కింద లెక్కకు వస్తుంది. మీ గుడి కమిటీకే సత్తువ ఉంటే, గుడే గుర్తింపుకు దరఖాస్తు చేసుకోవడాన్ని నిబంధనలు అడ్డుకోవు. కాకపోతే చట్టపరమైన సహాయం, పుస్తకాలు, ఫైళ్ల గోప్యత, ఫీజుల పట్టిక అన్నీ చూపించాలి. ప్రసాదం కౌంటరు పక్కన బల్ల వేసి నడిపే వ్యవహారం కాదది.

ప్రశ్న: నేను హెచ్-4 మీద ఉన్నాను, పని అనుమతి ఇంకా లేదు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా ఈ పని చేయవచ్చా?
– డాలస్ నుంచి ఒకరు

జవాబు: అనుమతి నిబంధనలు వాలంటీరును ఒప్పుకుంటాయి. మీ వీసా నిబంధనలు మాత్రం విడిగా చూసుకోవాలి. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని జీతం లేకుండా చేసినా, అనుమతి లేని ఉద్యోగంగా లెక్కించే ప్రమాదం ఉంది. శిక్షణ కోర్సులు ఇప్పుడే చదవండి. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన కింద, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ తగిన దశకు చేరితే హెచ్-4 వారికి పని అనుమతి వస్తుంది. అది వచ్చాక సంస్థలో చేరండి. ఈలోగా వాలంటీరుగా చేరాలనుకుంటే, ఆ సంస్థ లాయరుతోనే ముందు మాట్లాడండి.

ప్రశ్న: మా అబ్బాయి బ్రాంప్టన్‌లో చదువుకుంటున్నాడు. కెనడాలో ఇమిగ్రేషన్ కన్సల్టెంటుగా లైసెన్సు తెచ్చుకుని సొంతంగా ఆఫీసు పెట్టుకోవచ్చంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: కెనడాలో నిజమే. అక్కడ ఇది స్వతంత్ర వృత్తి, ఫీజు తీసుకోవచ్చు. 2021 నవంబరు నుంచి ఈ కన్సల్టెంట్లను నియంత్రిస్తున్నది కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ అనే సంస్థ. ఇంగ్లీషులోనైతే కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో గ్రాడ్యుయేట్ డిప్లొమా చేసి, ప్రవేశ పరీక్ష నెగ్గాలి. అయితే లైసెన్సు పౌరులకూ, శాశ్వత నివాసులకూ ఇస్తారు. చదువు వీసా మీద ఉన్న మీ అబ్బాయికి ముందు పీఆర్, అంటే శాశ్వత నివాసం, రావాలి. అంతవరకు ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకుని సలహాలు ఇస్తే, లైసెన్సు లేకుండా ఆ పని చేసినందుకు అక్కడి చట్టం కింద నేరమవుతుంది. తోటి విద్యార్థులకు ఫీజు తీసుకుని దరఖాస్తులు వేసిపెట్టే అలవాటు ఉంటే ఇప్పుడే మానమనండి.

ప్రశ్న: హైదరాబాదులో వీసా కన్సల్టెన్సీలో ఎనిమిదేళ్లు పనిచేశాను. ఆ అనుభవం అమెరికాలో చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పత్రాలు సర్దడం, గడువులు పట్టించుకోవడం, క్లయింటుతో ఓపికగా మాట్లాడటం వచ్చుంటాయి కాబట్టి లా ఆఫీసులో పారాలీగల్ ఉద్యోగానికి పనికొస్తుంది. పారాలీగల్ లాయరు కింద పనిచేయాలి, సొంతంగా ఎవరి తరఫునా హాజరు కాకూడదు. అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్ కావాలంటే పై జవాబులో చెప్పిన దారే మీకూ ఉంది, అడ్డదారి లేదు. సంస్థకు రెజ్యూమె ఇచ్చేటప్పుడు, హైదరాబాదులో ‘వీసా గ్యారంటీ’ అని ప్రకటనలు ఇచ్చిన చోట పనిచేసి ఉంటే దాని గురించి అడుగుతారు. దాచకుండా చెప్పండి. సత్ప్రవర్తనను పరిశీలించేటప్పుడు అది తరవాత బయటపడటం కంటే ముందే చెప్పడం మేలు.