టెస్ట్ కిట్‌లో ఒకే గీత వస్తే గర్భం లేనట్టేనా?

నెలసరి తప్పిన రెండో రోజే ఒక్క గీత చూసి లేదనుకోకండి. పిండం గర్భసంచికి అంటుకున్నాకే హెచ్‌సీజీ హార్మోన్ (కిట్ గుర్తించేది దీన్నే) మూత్రంలోకి వస్తుంది. ఆ నెల అండం ఆలస్యంగా విడుదలైతే ఈ హార్మోన్ కిట్‌కి అందనంత తక్కువగా ఉండొచ్చు. మూడు నాలుగు రోజులాగి, పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో మళ్లీ చూడండి. కిట్ పనిచేసిందని చూపే 'సి' దగ్గర గీత రాకపోతే ఆ కిట్ చెల్లదు. ఫలితం చూపే 'టి' దగ్గర గీత లేతగా వచ్చినా గర్భం ఉన్నట్టే లెక్క. కవరు మీద రాసిన సమయం దాటాక కనిపించే మరకను మాత్రం నమ్మొద్దు. షాపులో అడగడానికి మొహమాటమా? ఆశా కార్యకర్తల దగ్గర 'నిశ్చయ్' కిట్ ఉచితం. అప్పటికీ తేలకపోతే ల్యాబ్‌లో బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేయించుకోండి. పొత్తికడుపులో ఒకవైపు విపరీతమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, గర్భం గర్భసంచిలో కాకుండా అండం వచ్చే ట్యూబులో నిలిచి ఉండొచ్చు.