ఎల్లుండి చెన్నైలో కచేరీ, చేతిలో టికెట్ లేదు. విజయవాడ నుంచి వెళ్లొచ్చా?

కర్ణాటక సంగీత గాయకుడు సంజయ్ సుబ్రహ్మణ్యన్ కచేరీ ఎల్లుండి సాయంత్రం చెన్నై మ్యూజిక్ అకాడమీలో ఉందని ఇప్పుడే తెలిసిందనీ, ఒక్కరోజే సెలవు దొరుకుతుందనీ, వెళ్లడం తెలివైన పనేనా అనీ అడిగారు. తప్పకుండా వెళ్లండి. నేను తెనాలి నుంచి ఇలాగే, ముందురోజు అనుకుని బయల్దేరాను.

ముందు కచేరీ టికెట్ ఆన్‌లైన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఎల్లుండి పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్లో ఉంటారు. దానికి తత్కాల్ రేపే తెరుస్తారు. ఏసీ చైర్ కార్‌కి పదింటికి, సెకండ్ సిట్టింగ్‌కి పదకొండింటికి. 2025 జులై నుంచి ఆధార్‌తో సరిచూసిన ఖాతా ఉంటేనే ఆన్‌లైన్‌లో తత్కాల్ ఇస్తున్నారు, ఆ పని ఇవాళ రాత్రే పూర్తి చేసుకోండి.

ఆన్‌లైన్‌లో లేకపోతే పినాకిని వద్దు. సీజన్ టికెట్లు (ఉత్సవం మొత్తానికి ముందే కొనేవి) పోగా మిగిలినవి ఏ రోజువి ఆ రోజు అమ్ముతారు. ఆయన పాడే రోజున పొద్దున్నే క్యూ కడతారు. కాబట్టి రేపు రాత్రి బస్సు పట్టుకోండి, తెల్లవారేసరికి చెన్నైలోని మాధవరం బస్టాండులో దిగుతారు. నేను అలాగే వెళ్లి క్యూలో నిలబడ్డాను. ముందు నిలబడ్డ పెద్దాయన నాకు చోటు చూస్తానని చెప్పి కాఫీకి పంపారు. క్యూలో మాటలన్నీ ఈసారి పల్లవి (కచేరీలో రాగం, తానం తర్వాత విస్తారంగా పాడే భాగం) ఏ రాగంలో అనే! అంతమంది రాగాల గురించి వాదించుకోవడం విని నాకు ప్రాణం లేచొచ్చింది. బాల్కనీలో సీటు దొరికింది, అక్కణ్నుంచి కూడా బాగా వినిపిస్తుంది.

సెంట్రల్ నుంచైతే మెట్రోలో థౌజండ్ లైట్స్ దాకా వెళ్లి ఆటో ఎక్కితే చాలు.

తిరుగు ప్రయాణం విషయంలో మాత్రం పట్టుదలగా చెప్తాను: కచేరీ చివరిదాకా ఉండనివ్వని బండి బుక్ చేసుకోకండి. తొమ్మిదింటి బస్సు ఉందని పల్లవి మధ్యలో లేచి వెళ్లేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆంధ్రా బస్సులు 2018 నుంచి కోయంబేడు బదులు మాధవరం నుంచే బయల్దేరుతున్నాయి. అకాడమీ ఉన్న టీటీకే రోడ్డు నుంచి అక్కడికి గంట పట్టొచ్చు. అర్ధరాత్రి దగ్గర్లో కదిలే బస్సు చూసుకోండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, సంజయ్ గారి ఆలాపన రికార్డింగుల్లో విన్నదానికీ ఎదురుగా విన్నదానికీ చాలా తేడా ఉంది. ఆయన సెంబనార్‌కోయిల్ వైద్యనాథన్ గారనే నాదస్వర విద్వాంసుడి దగ్గర కూడా నేర్చుకున్నారు. ఆ పొడుగాటి పట్టు, ఊపిరి సాగినంతసేపూ ఒకే స్వరం మీద నిలబడటం హాల్లో వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆయన పక్కన వాయించే వరదరాజన్ వయొలిన్ ఆ చివరి పట్టును అందుకుని కొనసాగించేటప్పుడు ఒక్కోసారి సంజయ్ గారే తల తిప్పి మెచ్చుకుంటారు. అది ఏ ఆడియోలోనూ దొరకదు.

కాంటీన్లో తినేది కచేరీకి ముందే తినేయండి. తని (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొదలవగానే చాలామంది లేస్తారు, మీరు కదలకండి. నెయ్వేలి వెంకటేశ్ మృదంగం కోసమే ఇంకోసారి చెన్నై వెళ్లడానికి నేను సిద్ధం.