గ్రిడ్ తీసేస్తే పోలిక ఎందుకు పోతుంది?

ఫొటో మీదా కాగితం మీదా గళ్లు (గ్రిడ్) గీసుకుని, గడి చూసి గడి దించితే ముఖం బొమ్మ బాగానే వస్తోంది, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వేస్తే మాత్రం పోలిక రావడం లేదు, 30 ఏళ్లు దాటాక ఇది నేర్చుకోగలమా అని ఒకరు అడిగారు. నేర్చుకోవచ్చు. నేను మొదలుపెట్టింది 34లో, కర్నూలులో, ఏ క్లాసుకూ పోకుండా.

నేనూ మొదట సినిమా హీరోల ఫొటోలకు గళ్లు గీసి దించేవాణ్ణే. లైకులకు కొదవ లేదు. ఒకసారి ఊరికి పోయినప్పుడు మా అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు వేశాను. చూసి, "అంతా బాగుంది గానీ, నా నెత్తి యాడ పాయరా?" అంది. నిజమే, కనుబొమల పైన రెండు వేళ్ల నుదురు, ఆపైన కాస్త జుట్టు, అంతే. చీపురుపుల్లతో కొలిచి చూశాను. నడినెత్తి నుంచి కంటి దాకా ఎంతుందో, కంటి నుంచి గడ్డం దాకా దాదాపు అంతే ఉంది. నేనేమో కళ్లను తలలో పైనుంచి మూడో వంతు దగ్గరే పెట్టేశాను. గ్రిడ్ ఈ తప్పు జరగనివ్వదు, అందుకే మనకు ఆ తప్పుందనే తెలియదు. కొండారెడ్డి బురుజు బొమ్మ కొంచెం వంకర పోయినా ఎవరూ అడగరు. ముఖం అలా కాదు.

ఇప్పుడు కళ్లు ఆఖర్న వేస్తాను. ముందు తల ఆకారం, మెడ వంపు, తర్వాత నీడంతా ఒకే ముద్దగా. కళ్లు చికిలించి చూస్తే నీడ హద్దు తెలుస్తుంది. ట్యూబ్‌లైటు కింద వద్దు, పొద్దున వాకిలి పక్కన కూర్చోబెట్టండి. షేడింగ్‌ను వేలితో రుద్దకండి, ముఖం నూనె రాసినట్టవుతుంది. ఫొటోయే గతి అయితే సెల్ఫీ వద్దు, దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదవుతుంది.

నిలువెత్తు మనిషి కోసం ఆదివారాలు బస్టాండుకు పోతాను. మనిషికి ఒక నిమిషం. మామూలుగా ఒళ్లు ఏడు, ఏడున్నర తలల ఎత్తుంటుంది. ఒంటికాలి మీద బరువేసి నిలబడితే ఆ పక్క నడుము పైకి లేస్తుంది, భుజం కిందికి దిగుతుంది. అది దొరికితే ముఖం వేయకపోయినా మనిషి కాగితం మీద నిలబడతాడు. మొదట్లో కునుకు తీసేవాళ్లను వెతుక్కోండి, కదలరు. మొన్న సంచి భుజాన వేసుకుని ఒకాయన భలే ఒరిగి నిలబడ్డాడు. సగం గీశానో లేదో, "నా బొమ్మేనా అన్నా?" అంటూ కాలరు సర్దుకుని కర్రలా నిటారుగా అయిపోయాడు.