టెక్ సందేహాలు: ప్రైవేట్ అని రాస్తే పాస్‌వర్డ్ దాక్కోదు

ప్రశ్న: సెలీనియం (బ్రౌజర్‌ని కోడ్‌తో నడిపే టూల్), జావాతో వెబ్ టెస్ట్ ఆటోమేషన్ చేస్తున్నాం. పేజ్ ఆబ్జెక్ట్ మోడల్ (ఒక్కో పేజీకి ఒక్కో క్లాస్ రాసే పద్ధతి) వాడాం, బేస్‌పేజ్, బేస్‌టెస్ట్ అనే ఉమ్మడి పేరెంట్ క్లాసులు అన్నీ ఉన్నాయి. అయినా లాగిన్ స్క్రీన్‌లో చిన్న మార్పు జరిగితే డజన్ల కొద్దీ టెస్టులు ఫెయిలవుతున్నాయి. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్‌గా రాస్తే ఈ బాధ ఉండదన్నారు కదా?

ఇదే ప్రశ్న రకరకాల మాటల్లో వస్తూనే ఉంది కాబట్టి ఈసారి కాస్త గట్టిగానే చెప్తాను. మీ టెస్ట్ ఫైళ్లు తెరిచి (పేజ్ ఫైళ్లు కాదు, టెస్ట్ ఫైళ్లు) ఎక్స్‌పాత్ (పేజీలో ఎలిమెంట్ ఎక్కడుందో చెప్పే చిరునామా) అని వెతకండి. ఒక్కటి దొరికినా మీరు వాడుతున్నది పేజ్ ఆబ్జెక్ట్ కాదు, ఆ పేరు పెట్టుకున్న ఫోల్డర్ మాత్రమే. దొరకకపోయినా సంబరపడొద్దు, ఇంకో తంతు ఉంటుంది: లాగిన్‌పేజ్ క్లాస్‌లో గెట్‌యూజర్‌నేమ్‌ఫీల్డ్, గెట్‌పాస్‌వర్డ్‌ఫీల్డ్, గెట్‌లాగిన్‌బటన్ అని మూడు మెథడ్‌లు రాస్తారు, ఆ మూడూ వెబ్‌ఎలిమెంట్‌ని బయటికి ఇచ్చేస్తాయి, టైప్ చేయడం, క్లిక్ చేయడం టెస్టులోనే జరుగుతాయి. లొకేటర్ (ఎక్స్‌పాత్ లాంటి చిరునామా) ప్రైవేట్‌గా ఉంది కాబట్టి ఎన్‌క్యాప్సులేషన్ (లోపలి వివరాలు దాచడం) కుదిరిందనుకుంటారు. రేపు డిజైనర్ యూజర్‌నేమ్‌ని ఒక స్క్రీన్‌లో, పాస్‌వర్డ్‌ని తర్వాతి స్క్రీన్‌లో పెట్టాడనుకోండి, మీరు ప్రతి టెస్టూ తిరగరాయాల్సిందే. దాచాల్సింది లొకేటర్‌ని ఒక్కదాన్నే కాదు, పని జరిగే క్రమాన్ని కూడా. లాగిన్ అనే ఒక్క మెథడ్ ఉండాలి, దానికి యూజర్‌ని ఇస్తే హోమ్‌పేజ్ ఆబ్జెక్ట్ తిరిగి రావాలి. మధ్యలో ఎన్ని స్క్రీన్‌లున్నాయో టెస్టుకి అనవసరం. ఫలితం సరైనదా కాదా అని తేల్చే అసర్షన్లు మాత్రం టెస్టులోనే ఉండాలి. పేజ్ సరిగ్గా లోడైందో లేదో చూసుకోవడం తప్ప పేజ్ ఆబ్జెక్ట్‌లో తనిఖీలు పెట్టొద్దని సెలీనియం డాక్యుమెంటేషన్ కూడా చెప్తుంది.

ఇక బేస్‌పేజ్. దాని గురించి మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను. అందులో ఎక్సెల్ చదివే కోడ్ ఉంటుంది, డేటాబేస్ కనెక్షన్ ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసేది, మెయిల్ పంపేది కూడా ఉంటాయి. లాగిన్ పేజీ అనేది ఒక రకం ఎక్సెల్ రీడరా? కాదు కదా, మరి ఇన్హెరిటెన్స్ (పై క్లాస్‌లో ఉన్నదంతా వారసత్వంగా తెచ్చుకోవడం) ఎందుకు? కోడ్ మళ్లీ రాయకుండా తప్పించుకోవడానికి ఇన్హెరిటెన్స్ వాడితే ఇల్లు మారిన ప్రతిసారీ తాతల నాటి ట్రంకుపెట్టెలన్నీ మోసుకెళ్లినట్టే. పైన ఉండే హెడర్, డేట్ పికర్, రిజల్ట్ టేబుల్, వీటిని విడి కాంపొనెంట్ క్లాసులు చేసి పేజ్ లోపల పెట్టుకోండి. పేజీకి హెడర్ ఉంటుంది, అంతేగానీ పేజీ హెడర్ అవదు.

ఇలా అన్నీ పై క్లాసుల్లో పెట్టడం వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. ఎప్పుడో ఎవరో బేస్‌టెస్ట్‌లో ఇంప్లిసిట్ వెయిట్ (ఎలిమెంట్ వెతికే ప్రతిసారీ వర్తించే గడువు) 10 సెకన్లు పెట్టి వెళ్లిపోతారు. మీరు పేజ్‌లో ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ (ఒక షరతు నెరవేరేదాకా ఆగే గడువు) 15 సెకన్లు పెడతారు. రెండూ కలిస్తే 15 దగ్గర ఆగాల్సింది 20 దాకా పోవచ్చు. రెండూ కలపొద్దని డాక్యుమెంటేషన్‌లో ఇదే ఉదాహరణతో హెచ్చరించారు. పై క్లాస్ తెరిచి చూసేవాళ్లు ఉండరు కాబట్టి అందరూ సర్వర్ స్లో అనుకుని థ్రెడ్ స్లీప్‌లు (కోడ్‌ని ఊరికే ఆపి ఉంచేవి) పెంచుకుంటూ పోతారు.

పాలిమార్ఫిజం (ఒకే ఇంటర్‌ఫేస్ వెనక రకరకాల క్లాసులు పనిచేయడం) గురించి ఒక్క మాట. వెబ్‌డ్రైవర్ ఇంటర్‌ఫేస్ టైపులో క్రోమ్‌డ్రైవర్ ఆబ్జెక్ట్ పెట్టే ఆ ఒక్క లైను ఇంటర్వ్యూల్లో అందరూ అప్పజెప్తారు. తర్వాత అదే ప్రాజెక్టులో దాన్ని మళ్లీ క్రోమ్‌డ్రైవర్‌కి క్యాస్ట్ చేస్తారు, అంటే కోడ్‌ని క్రోమ్‌కే కట్టేస్తారు! వెబ్‌డ్రైవర్ 2018లో డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ) ప్రమాణమైంది, 2021లో వచ్చిన సెలీనియం 4 ఆ ప్రోటోకాల్‌నే వాడుతుంది. బ్రౌజర్ మార్చినా టెస్టు మారకూడదనే కదా ఈ ఏర్పాటంతా.

ప్రశ్న: టెస్టులు ఒక్కొక్కటిగా నడిపితే పాస్, ప్యారలల్‌గా నడిపితే ఒకదాని బ్రౌజర్‌లో ఇంకోటి టైప్ చేస్తోంది. ఎందుకు?

డ్రైవర్‌ని స్టాటిక్ చేశారు, అంటే టెస్టులన్నిటికీ ఒకే డ్రైవర్. తీసేయండి. ప్రతి టెస్టుకీ సొంత డ్రైవర్ ఇవ్వండి, లేదా ఒక్కో థ్రెడ్‌కి విడిగా ఉంచే థ్రెడ్‌లోకల్‌లో పెట్టి, పనయ్యాక క్విట్ చేసి రిమూవ్ కూడా చేయండి.

ప్రశ్న: టెస్ట్ అకౌంట్ల పాస్‌వర్డ్‌లు ఒక కాన్‌స్టంట్స్ క్లాస్‌లో ప్రైవేట్‌గా పెట్టాం, గెట్టర్ ద్వారానే వాడతాం. సేఫే కదా?

కాదు. నిజానికి ఈసారి కాలమ్ రాయడానికి కూర్చున్నది ఈ ప్రశ్న చూశాకే.

ప్రైవేట్ అనేది కంపైలర్‌కి చెప్పే మాట. వేరే క్లాస్ ఆ ఫీల్డ్‌ని నేరుగా ముట్టుకోకూడదని దాని అర్థం. రిపాజిటరీ తెరిచి చదివే మనిషికి అది అడ్డం కాదు. కంపైలైన క్లాస్ ఫైల్లో కూడా ఆ స్ట్రింగ్ అలాగే కనిపిస్తుంది. బేస్64లో పెట్టామని కొందరంటారు, అది ఎన్‌క్రిప్షనే కాదు, ఎవరైనా క్షణంలో విప్పేస్తారు. "తర్వాత డిలీట్ చేశాం" అంటారు ఇంకొందరు. గిట్‌లో పాత కమిట్ ఎక్కడికీ పోదు, చరిత్రలో వెనక్కి వెళ్తే చాలు, దొరుకుతుంది. ఒకసారి కమిట్ అయిన పాస్‌వర్డ్ బయటపడినట్టే లెక్క, ముందు దాన్ని మార్చండి, చరిత్ర శుభ్రం చేయడం తర్వాత చూసుకోవచ్చు.

పాస్‌వర్డ్ బయటపడే దారి, చాలామంది కంటికి ఆననిది, ఇంకోటుంది. యూజర్‌ని ఒక ఆబ్జెక్ట్‌గా చేయడం మంచి పద్ధతే. దాన్ని జావా 16 నుంచి వచ్చిన రికార్డ్‌గా రాస్తారు, ఒక్క లైనులో అయిపోతుంది. ఆ రికార్డ్ టు‌స్ట్రింగ్‌ని (ఆబ్జెక్ట్‌ని ప్రింట్ చేస్తే కనిపించే పాఠం) తనే తయారు చేసుకుంటుంది, అందులో అన్ని ఫీల్డులూ వస్తాయి, పాస్‌వర్డ్‌తో సహా. ఇప్పుడు ఎవరో డీబగ్ కోసం లాగ్‌లో "ఈ యూజర్‌తో లాగిన్ అవుతున్నాం" అని ఆ ఆబ్జెక్ట్‌ని ప్రింట్ చేస్తారు. అంతే, పాస్‌వర్డ్ బిల్డ్ సర్వర్ లాగ్‌లో పడింది, రిపోర్ట్‌లో పడింది, ఆ రిపోర్ట్ మెయిల్‌లో టీమ్ మొత్తానికీ వెళ్లింది. కోడ్‌లో ఎక్కడా పాస్‌వర్డ్ లేకపోయినా ఇది జరుగుతుంది. టు‌స్ట్రింగ్‌ని ఓవర్‌రైడ్ చేసి పాస్‌వర్డ్‌ని తీసేయండి. ఓవర్‌రైడింగ్ నిర్వచనం బట్టీ పట్టిన చదువు కనీసం ఇక్కడ పనికొస్తుంది.

పాస్‌వర్డ్ నడిచే సమయంలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచో, సీక్రెట్ స్టోర్ నుంచో రావాలి. ఆ అకౌంటుకి టెస్టుకి కావలసినంత అనుమతే ఉండాలి, ప్రొడక్షన్‌లో పనిచేయకూడదు. ఓటీపీ సంగతి అడక్కుండానే చెప్తున్నా: టెస్టింగ్ కోసం ఏ నంబరుకైనా 123456 చెల్లేలా లాగిన్ కోడ్‌లో ఒక ఇఫ్ కండిషన్ పెట్టడం, దాన్ని ఫ్లాగ్‌తో ఆపేశాం అనుకోవడం, నాకు దీనంత భయం ఇంకేదీ లేదు. ఫ్లాగ్ ఒకరోజు పొరపాటున ఆన్ అయితే ఎవరి అకౌంట్‌లోకైనా ఎవరైనా పోతారు. ఓటీపీ పంపేదాన్ని ఒక ఇంటర్‌ఫేస్ చేసి, దొంగ ఓటీపీ ఇచ్చే క్లాస్‌ని టెస్ట్ ప్యాకేజీలోనే ఉంచండి, ప్రొడక్షన్ బిల్డ్‌లోకి అసలు వెళ్లకూడదు. పాలిమార్ఫిజం కావలసిన చోటు ఇదీ.

సెలీనియం గ్రిడ్ (టెస్టుల్ని వేరే మెషీన్ల బ్రౌజర్లలో నడిపే సర్వర్) నడుపుతుంటే 4444 పోర్ట్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉందేమో ఈరోజే చూసుకోండి. మీరు సెట్ చేయకపోతే అది పాస్‌వర్డ్ అడగదు. అలా వదిలేసిన గ్రిడ్‌లలోకి దూరి క్రిప్టో మైనింగ్ చేస్తున్నారని 2024లో సెక్యూరిటీ పరిశోధకులు బయటపెట్టారు.

ఇంతా చేసి టెస్టర్లనే తిట్టడం న్యాయం కాదు. ఇప్పటి వెబ్‌సైట్లు చూడండి. బటన్ ట్యాగ్ ఉండగా డివ్‌కి క్లిక్ తగిలించి బటన్ అంటారు. ఇన్‌పుట్‌కి లేబుల్ ఉండదు. ఐడీలు ప్రతి బిల్డ్‌కీ మారిపోతాయి. పోనీ అది టెస్టర్ తలనొప్పి అనుకుందామా అంటే, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి కూడా అది బటన్ అని తెలియదు, కీబోర్డ్‌తో వాడేవాళ్లకి అక్కడికి చేరే దారే ఉండదు. పైగా ఏ కారణమూ లేకుండా అప్‌డేట్ పేరుతో మెనూని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి కిందికి జరుపుతారు, "కొత్త అనుభవం" అని పాపప్ వేస్తారు, దాన్ని మూసే గుర్తు కనిపించకుండా దాస్తారు. ఆ పాపప్ ఎవరికీ అక్కర్లేదు, మన టెస్టు ఫెయిలయ్యేది కూడా దాని దగ్గరే. కాబట్టి తర్వాతి మీటింగ్‌లో డెవలపర్లని టెస్ట్ ఐడీలు (టెస్టుల కోసమే ఎలిమెంట్లకి పెట్టే గుర్తులు) అడిగే ముందు అసలు బటన్లు, అసలు లేబుళ్లు అడగండి. అవి ఉంటే రోల్ (అది బటనా, లింకా అన్నది), పేరు పట్టుకుని లొకేటర్ రాసుకోవచ్చు. టెస్ట్ ఐడీ అంతకీ కుదరనప్పుడు.